మిషనక్క గుమ్మం ముందు పలక

“అందరి పేరూ చెప్పి మిషనక్క ముందు తన గుమ్మమే చూసుకుంది” అని వీధంతా గుప్పుమంది. మురికికాలువ మీద సిమెంటు పలకలు వేయించమని ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్లను కూడగట్టి మున్సిపల్ ఆఫీసుకు నడిపించింది బట్టలు కుట్టే ఆ మిషనక్కే. పలకలు వచ్చిన రోజు మొదటిది ఆమె గుమ్మం ముందే పడింది. అది చూసి ఆ మాట పుట్టించింది ఎదురింటి కోడలు. ఇప్పుడు వీధి కుళాయి కోసం మళ్లీ ఆఫీసుకు వెళ్దామని అక్క పిలిస్తే ఒక్కరూ కదలడం లేదు.

కుట్టించిన రవిక తెచ్చుకుందామని ఆ కోడలు మిషనక్క ఇంటికి వెళ్లింది.

“ఎడంపక్క అడుగెయ్యమ్మా, కుడిపక్క పలక ఊగుతుంది,” లోపల్నుంచి కేకేసింది మిషనక్క.

“ఏమైందక్కా?”

“దించేటప్పుడే విరిగింది. విరిగినదాన్ని మీ అత్త గుమ్మానికి వేయిస్తే నన్ను కాలువలో వేసేది కాదూ!”

కోడలికి తల కొట్టేసినట్టయింది. నవ్వబోయింది, నవ్వు రాలేదు.

“అక్కా, ఆ మాట వీధిలో అన్నది...”

“ఎవరంటే ఏంలే. రేపు కుళాయికి నువ్వైనా వస్తావా?”

కోడలు తలెత్తకుండానే ఊ కొట్టింది. వచ్చిన పలకల్లో విరిగింది అదొక్కటే. ఇంకొకరి గుమ్మానికి పోకూడదని అక్క దాన్ని ముందే వేయించుకుంది.