ఆ గులాబీ బుగ్గలు మావయ్యవి కావు

బెంగాలీ గడ్డ మీద మన తెలుగువారి రైల్వే పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఇంటింటి గోడ మీది చిత్రాలకు పునర్జన్మ ప్రసాదించిన సూర్యనారాయణ గారు దివంగతులయ్యారు. పొద్దున్నే స్టూడియో తలుపు తీసి, అద్దాలు తుడుస్తూ అలాగే కుర్చీలో ఒరిగిపోయారట. కబురు తెచ్చిన కుర్రాడితో, "మావయ్యా? సచ్చిపోడానికి ఆయనకి తీరికేదిరా?" అన్నాను. ఏ మాటకైనా ముందు వెటకారం రావడం నా జబ్బు. వాడు నవ్వలేదు. అప్పుడు గానీ నేను చెప్పుల కోసం వెతుక్కోలేదు.

ఆయన మా అమ్మకు తమ్ముడు, నాకు గురువు. ఎనిమిదో తరగతితో చదువుకు దండం పెట్టిన నాకు అన్నం పెట్టిన విద్య ఆయనదే. ఎనభైల్లో తీయించుకున్న కలర్ ఫోటోలు నాలుగు వానాకాలాలు గడిచేసరికి ఎర్రబారిపోయేవి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఇద్దరూ ఇటుకబట్టీలోంచి లేచొచ్చినట్టుండేవారు. మావయ్య సన్నని కుంచెతో, నీళ్ళలా పలచన చేసిన రంగులతో, వారిని మళ్ళీ మనుషులను చేసేవారు. ఆ ఫోటోలో కుంచె ఎక్కడ పడిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆయన వ్రతం ఒకటే. ఫోటోలో ఉన్న వస్తువు ఒకటైనా కొట్టుకు రావాలి. పెళ్ళి చీర తేకుండా పెళ్ళి ఫోటో ముట్టుకునేవారు కాదు. చీరను కిటికీ వెలుగులో పరిచి, చూసి చూసి, అప్పుడు కుంచె తడిపేవారు. "ఆకుపచ్చ చీరండి, నాకు బాగా గుర్తు" అని ఎవరైనా అంటే, "మతికి రంగులు తెలవవమ్మా. అది అన్నిటికీ పసుపు రాసీస్తది. సీర అట్టుకురా" అనేవారు. నిమ్‌పురా రైలు షెడ్డులో ఇంజను పక్కన తీయించుకున్న ఫోటో ఒకటి వచ్చింది. ఇంజను కొట్టుకు రాదు గనక తానే సైకిలెక్కి వెళ్ళి దాన్ని చూసొచ్చారు.

వినయవంతులని రాస్తే అబద్ధం. ఇస్త్రీ చొక్కా నలిగితే ఆ పూటంతా చిరచిరలాడేవారు. పెళ్ళిచూపులకు పంపే ఫోటో తెచ్చిన బెంగాలీ యువకుడొకడు, "ఏక్టూ ఫర్సా కోరే దిన్, దాదా" అని, కాస్త తెల్లగా చెయ్యమని బతిమాలాడు. మావయ్య కళ్ళజోడు పైనుంచి చూసి, "మా చిన్‌బే నా" అన్నారు. అలా చేస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టదని. వాడు అలిగి వెళ్ళి, మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చాడు.

తొంభైల చివర నేను ట్రాఫిక్ పేటలో సొంత కొట్టు తెరిచి కంప్యూటర్ పెట్టుకున్నాను. పాత ఫోటోను అందులోకి ఎక్కించి, మీట జరిపితే చాలు, రంగులు పొంగేవి. గర్వంగా పిలిచి చూపించాను. మావయ్య తెర ముందు కూర్చుని, చాలాసేపు చూసి, "ఈ గడ్డి ఏ ఆవూ తినదురా" అన్నారు. తరవాత మెల్లగా, "పోయిన రంగుని పిలవాల, అల్లుడూ. జుట్టట్టుకుని ఈడ్సుకు రాకూడదు. ముందు తెల్లని తెల్లగా సెయ్యి, నల్లని నల్లగా సెయ్యి. మిగతావి ఆటంతటవే ఇంటికొస్తాయి" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

అందరి ఫోటోలూ తీసిన ఆయనకు తన ఫోటో ఒక్కటే ఉంది. గుమ్మంలో అత్తతో నిలబడగా నేనే తీసినది, అదీ ఎర్రబారింది. పెద్దకర్మకు దాన్ని బాగుచేసే బాధ్యత నాకు అప్పగించారు. బతికున్న మనిషికి దండ పడకూడదు గనక ముందే అత్తను కత్తిరించేశాను. ఆమెతో పాటు ఆమె చీరా పోయింది, రంగుకు ఆధారమూ పోయింది. ఇక మీటలు జరిపాను. బుగ్గలకు గులాబీ, చొక్కాకు నీలం, ఒంటికి పచ్చని ఛాయ. చూసినవారు ఆహా అనాలని.

పెద్దకర్మనాడు అత్త దండ పట్టుకుని ఫోటో ముందుకొచ్చి ఆగిపోయింది.

"ఒరే, ఈయనెవులురా?"

చుట్టూ జనం. నా నోరు ఊరుకుంటుందా. "సొర్గంలో పౌడరిచ్చినారు గావాలత్తా" అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. అత్త దండ వెయ్యలేదు. కార్యక్రమం ముగిసేదాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అందరూ వెళ్ళాక అడిగింది: "మీ మావయ్య నల్లనోడని నీకు సిగ్గేటిరా?"

నేను లేచి ఆ ఫోటోను గోడవైపు తిప్పేశాను.

మర్నాడు వెళ్ళి, "ఆ ఫోటోలో కట్టుకున్న సీర ఉన్నాదా అత్తా?" అన్నాను. అత్త ట్రంకు పెట్టె తీసి, వంకాయరంగు చీర చేతిలో పెట్టింది. దాన్ని నా కొట్టు కిటికీ దగ్గర పరిచాను. కత్తిరించిన అత్తను తెర మీదికి మళ్ళీ తెచ్చుకున్నాను. మావయ్య పంచె తెల్లగా చేశాను, అత్త కొప్పు నల్లగా చేశాను. చీర చీరలా కనబడేదాకా కొంచెం కొంచెంగా జరిపాను. ముఖం నేను ముట్టుకోలేదు. అదే వచ్చింది. ఎండకు మాడిన నుదురు, కిళ్ళీ మరక పళ్ళు, నిగనిగలాడే నలుపు.

మళ్ళీ అత్తను కత్తిరించక తప్పలేదు. ఆయన భుజం పక్కన వంకాయరంగు చెంగు పిసరంత మిగిలిపోయింది. తీసెయ్యనా అని అడిగితే, "అదుండనీ" అంది. మేకుకు తగిలించి ఉంచిన ఆనాటి దండ, వాడిపోయినదే, తెచ్చి వేసింది.

రంగును ఇంతగా ఆరాధించిన కళాతపస్వి మన జాతికి మళ్ళీ దొరకడు. ఈ నివాళి వేస్తున్న మన సంచిక నలుపు తెలుపుల్లోనే అచ్చవుతుంది గనక ఆయన రంగు మీకిక్కడ కనబడదు. పెద్దకర్మకు వచ్చి నమస్కరించిన పెద్దలకు నా విన్నపం: మీరు దండం పెట్టింది మావయ్యకు కాదు, నా సిగ్గుకు. ఒక్కసారి మా అత్త ఇంటికి వెళ్ళండి. కిటికీలో వెలుగుండగా వెళ్ళి, ఆయనకు పెట్టండి.