బడి కప్పు మీద నీళ్లు కట్టిన రోజు

వీపనగండ్ల వైపు ఉన్న ఒక చిన్న ఊరి బడికి నేను ప్రధానోపాధ్యాయురాలిగా వెళ్లింది ముసురు పట్టిన రోజుల్లో. తాళం తీసి తలుపు నెట్టగానే తడిసిన గోనెసంచి వాసన వచ్చింది. మూడు గదులు. కప్పు దగ్గర్నుంచి వెనక గోడ మీదుగా నల్లటి చారలు కిందికి దిగి ఉన్నాయి. పెచ్చులు ఊడినచోట తుప్పు పట్టిన ఇనుప సలాకలు కనబడుతున్నాయి. కోతులు లోపలికి వస్తున్నాయని ఎప్పుడో ఎవరో కిటికీలను సగం దాకా ఇటుకలతో మూయించారట. గాలి వచ్చే దారి లేదు, తడి ఆరే దారీ లేదు.

వారం తిరగకముందే ఒక తల్లి టీసీ కోసం వచ్చింది. మూడో తరగతి పిల్లను చేయి పట్టుకొని గుమ్మంలో నిలబడింది. ఆ పిల్లకు ఆయాసం. వానలు పడితే చాలు, రాత్రంతా దగ్గేదట.

"వనపర్తి దవాఖానల డాక్టరు అడిగిండు మేడం, పొద్దంతా ఈ పిల్ల యాడ కూసుంటదని. బడిల అని చెప్పిన. జర ఆ గోడలకు తడి ఉన్నదేమో చూసుకోమన్నడు. నాకేం కోపం లేదు. టీసీ రాసియ్యుండ్రి."

ఆమె చెప్పింది నా కళ్లెదురుగానే ఉంది. కొన్నాళ్లు ఆగమని మాత్రం అడిగాను. ఆ రోజునుంచి మూడో తరగతిని వరండాలోకి మార్చాను. జల్లు కొడితే అందరం లేచి గోడకు ఆనుకొని నిలబడేవాళ్లం. ఆమె టీసీ తీసుకోలేదు గాని, ప్రతి వారం వచ్చి గోడ చూసి పోయేది.

తర్వాతి ఎండాకాలానికి ముందు మా బడి పేరు మరమ్మతుల జాబితాలోకి వచ్చింది. సర్కారు నిధులు ఇస్తుంది, పని మాత్రం తల్లుల కమిటీ దగ్గరుండి చేయించాలి. ఊళ్లో సమావేశం పెడితే ఆడవాళ్లు చాలామందే వచ్చారు, కమిటీకి పెద్దగా ఉండమంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను ఆ పిల్ల తల్లి వైపు తిరిగాను.

"నాకు సంతకం తప్ప ఏం రాదు మేడం," అంది.

"రాసే పని నేను చూసుకుంటా. కట్టే పని నీకు తెలుసని ఊళ్లో అంటున్నారు కదా."

"కట్టుడు తెలుసు. పన్నెండేండ్లు పుణెల తట్ట మోసిన. ఎన్ని స్లాబులు పోసినమో నాకే తెల్వదు. పిల్ల బడి కోసమని వాపస్ వచ్చిన," అంది. పక్కనున్న ఆడవాళ్లు ఆమెనే ఖాయం చేశారు.

అంచనా వేయడానికి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. మర్యాదస్థుడే. అప్పటికే ఎన్నో బడులు తిరిగి అలసిపోయి ఉన్నాడు. గోడలకు కొత్త ప్లాస్టరు, రంగులు, నేలకు టైల్స్, ఫ్యాన్లు అని చదివి వినిపించాడు.

"కప్పు సంగతేంది సార్?" అని ఆమె అడిగింది.

"ఊడినచోట సిమెంటు పెట్టి రంగేస్తాం అమ్మా. పైన పెద్ద ఇబ్బందేం కనిపించలేదు."

"రంగేస్తే వానాకాలం దాకనే ఉంటది సార్. నీళ్లు కప్పు మీదినుంచి దిగుతున్నయి. మేం పనిచేసిన కాడ స్లాబు మీద నీళ్లు కట్టి కారుతదేమో చూస్తుండ్రి. మీరు రేపు ఒక్కపారి రాండ్రి, సూపిస్త."

అతను రానంటాడేమోనని భయపడ్డాను. నా ముఖం చూశాడో, ఆమె పట్టుదల చూశాడో, సరేనన్నాడు.

ఆ సాయంత్రం బడి పక్క చేను రైతు తన బోరు పైపు ఇచ్చాడు. ఏడెనిమిది మంది ఆడవాళ్లు చీరలు దోపుకొని పైకెక్కారు. నేనూ ఎక్కాను. నా ఉద్యోగ జీవితంలో బడి కప్పు ఎక్కడం అదే మొదలు. అక్కడ ఆమె నాకు ఒక మూల చూపించింది. పాత మరమ్మతులో పైన పోసిన సిమెంటు పొర, నీళ్లు బయటికి పోయే రంధ్రాన్నే మూసేసింది. పడిన వానంతా కప్పు మీదే నిలిచి, మెల్లగా గోడల్లోకి దిగుతోంది. ఇన్నేళ్లుగా కింద సున్నాలు వేస్తూ వచ్చారు, పైకెక్కి చూసినవాళ్లు లేరు. బంకమట్టితో గట్టు వేసి, మడమలు మునిగేదాకా నీళ్లు నింపాం.

మర్నాడు ఇంజనీరు వచ్చేసరికి మూడో తరగతి గదిలో ఫ్యాన్ కొక్కెం నుంచి చుక్క చుక్కగా కారుతోంది. అతను దాని కింద నిలబడి పైకి చూశాడు. ఒక చుక్క చేతిలోని అంచనా కాగితం మీద పడింది.

"నేను మళ్లీ రాసి పంపిస్తా," అన్నాడతను. "కానీ జిల్లా ఆఫీసులో ఒప్పుకోవాలి."

వారంపాటు ఎదురుచూసి, మేమిద్దరమే వనపర్తి వెళ్లాం. అక్కడ పెద్ద ఇంజనీరు కాగితాలు తిరగేసి, కప్పు పని చేరిస్తే మంజూరైన దానిలో సరిపోదన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె ముందుకు వచ్చింది.

"టైల్స్ తీసేయుండ్రి సార్. బండలు బాగనే ఉన్నయి. రంగు గూడ ఆపుండ్రి, మేమే ఏసుకుంటం. కప్పు ఒక్కటి సక్కగ చేపియ్యుండ్రి, కిటికీలు తెరిపియ్యుండ్రి."

ఆయన కళ్లజోడు తీసి ఆమెను చూశాడు. "ఇదంతా నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరు చెప్పలె సార్. మోసిన."

ఆయన పెన్ను తీశాడు. టైల్స్ కొట్టేసి, కప్పు రాసి, రంగు కూడా ఉంచి, మా ఎదుటే సంతకం పెట్టాడు. బయటికి వచ్చాక హోటల్లో ఇద్దరం చాయ్ తాగాం.

సెలవుల్లో పని మొదలైంది. ఆమె పొద్దున్నే వచ్చి కూర్చునేది. పాత పొర చెక్కించింది, సలాకల తుప్పు గీకించింది, మూసుకుపోయిన రంధ్రం తెరిపించి పైపు పెట్టించింది, నీళ్లు అటు జారేలా వాలు చేయించింది. ఒక ఇసుక లోడు వస్తే గుప్పెడు తీసి రెండు చేతుల మధ్య రుద్దింది. అరచేతులకు మట్టి అంటింది. "మట్టి ఉన్నది, వాపస్ తీస్కపో," అంది లోడు తెచ్చినతనితో.

పనిచేసే మేస్త్రీకి ఒళ్లు మండింది. "నువ్వేమన్న ఇంజనీరువా?"

"కాదు. గీ గదిల నా బిడ్డ కూసుంటది."

లోడు వెనక్కి పోయింది. మంచి ఇసుక వచ్చింది. కిటికీల ఇటుకలు తీసి, కోతులు రాకుండా ఇనుప జాలీలు బిగించిన రోజున గదిలో ఆ చివరినుంచి ఈ చివరికి గాలి ఆడింది. ఇన్నాళ్లూ ఈ గదుల్లో పగలే లైటు వేసుకొని పాఠం చెప్పామా అని నాకే నమ్మకం కలగలేదు.

బడి తెరిచిన కొద్దిరోజులకే గట్టి వాన పడింది. నేను ఎక్కాలు చెప్పిస్తున్నాను. చప్పుడు పెరిగేకొద్దీ పిల్లల గొంతులు ఆగిపోయాయి. అందరూ పైకి చూస్తున్నారు. నేనూ చూశాను. కప్పు పొడిగా ఉంది. కాసేపటికి తలపై యూరియా సంచి కప్పుకొని ఆమె వచ్చింది. లోపలికి రాకుండా పైపు దగ్గర నిలబడింది. పైపులోంచి నీళ్లు ధారగా దూకుతున్నాయి. తర్వాత లోపలికి వచ్చి వెనక గోడకు అరచేయి ఆనించి, పైనుంచి కింది దాకా తడిమి చూసింది.

"పొడి ఉన్నది మేడం," అంది.

ఎవరు మొదలుపెట్టారో గాని పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. కళ్లలో నీళ్లున్నాయి, నా కళ్లలోనూ ఉన్నాయి. ఆ వాన తగ్గేదాకా ఎక్కాలు ముందుకు సాగలేదు.

ఆ పిల్లకు ఆయాసం పూర్తిగా పోలేదు, మందు ఇప్పటికీ సంచిలో ఉంటుంది. అయినా ఆ వానాకాలం అంతా బడికి వచ్చింది. ప్రైవేటు బడి బస్సు ఎక్కే పిల్లల్లో కొందరిని వాళ్ల అమ్మలు మళ్లీ మా బడికే తీసుకొచ్చారు. ఒక పెద్దాయన కిటికీ దగ్గర కాసేపు నిలబడి, "గాలి మంచిగొస్తున్నది," అని చెప్పి మనవరాలి పేరు రాయించి పోయాడు.

చలికాలంలో ఒకరోజు మా కుర్ర ఇంజనీరు ఫోన్ చేశాడు. ఉప్పునుంతల వైపు ఒక బడిలో పని మొదలవుతోందనీ, అక్కడి తల్లుల కమిటీ మా కమిటీ పెద్దను ఒకసారి పిలుస్తోందనీ చెప్పాడు. తోడుగా నేనూ వెళ్లాను. నాగర్‌కర్నూలులో బస్సు మారాం. ఆమె ఉతికిన చీర కట్టుకొని, కిటికీ పక్కన నిటారుగా కూర్చుంది. టికెట్ ఇస్తూ కండక్టరమ్మ ఎందుకు పోతున్నారని మాట వరసకు అడిగింది.

"బడి చూసేతందుకు," అంది ఆమె.

"టీచర్లా ఇద్దరు?"

"ఆమె టీచరు," నా వైపు చూపించింది. "నేను మేస్త్రీని."