హన్నమ్మ పట్టుకున్న తాబేలు

నాకు కోపం కన్నా ముందు రోత పుడుతుంది. చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో మా కొట్లో బెల్లం దిమ్మ మీద ఈగ వాలిందంటే ఆ వారమంతా బెల్లం ముట్టేదాన్ని కాదు. "కొట్టు పెట్టుకుని బతికేవాళ్ళ పిల్లవి, ఇంత ఛీఛీ అయితే ఎలాగే సువర్ణా" అని మా అమ్మ విసుక్కునేది. అలాంటిదాన్ని తీసుకొచ్చి కొల్లేటి పక్కన తామరలంక ప్రాథమిక పాఠశాలకి హెడ్‌మిస్ట్రెస్‌ని చేశారు. గణపవరం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ఆటో దిగగానే చేపల చెరువుల్లోకి మేతగా దింపే కోడి పేగుల కంపు. ఆరేళ్ళయినా అలవాటు పడలేదు, పడను కూడా.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండేది హన్నమ్మ. యాభై దాటాయి. ముఖం, మెడ, చేతులు, ఒంటినిండా కణుతులే. శనగగింజంతవి కొన్ని, ఉసిరికాయంతవి కొన్ని. పన్నెండో ఏట మొదలయ్యాయట. పుట్టుకతో ఉన్న జబ్బు, ఎవరికీ అంటేది కాదు అని ఏలూరులో డాక్టరు రాసిచ్చిన కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి బైబిల్లో దాచుకుంది. పెళ్ళప్పుడు ఆ కాగితం చూపిస్తే ఎలీయాజరు చదవకుండానే మడిచి ఇచ్చేశాడట. "చదవడం రాక కాదండీ, అక్కర్లేక" అని చెబుతుంది, ఆయన పోయి అయిదేళ్ళయినా అదే మురిపెంతో.

టీ బడ్డీకి వెళ్తే తన గ్లాసు తనే తీసుకెళ్తుంది. ఎవరికైనా ఏదైనా ఇవ్వాలంటే గట్టు మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తుంది. మండుటెండల్లో కూడా మణికట్టు దాకా జాకెట్టు, మెడకి తువ్వాలు. పిల్లలకి వడ్డించడానికి ఎలీయాజరు చేసిచ్చిన పొడుగు కాడ గరిటె ఒకటుంది. మా నలభై మూడు మంది పిల్లలకీ ఆ గరిటె తప్ప ఇంకేమీ కనబడదు. వాళ్ళకి ఆవిడ హన్నమ్మత్త, అంతే.

మార్చి నెల, ఒంటిపూట బడులు. ఆ రోజుల్లో కొల్లేట్లో నీళ్ళు తగ్గి, పోటు వచ్చినప్పుడల్లా కొల్లేటిని సముద్రంలో కలిపే ఉప్పుటేట్లోకి సముద్రం నీళ్ళు ఎదురెక్కుతాయి. ఒక పొద్దున్న నేనెక్కిన ఆటో ఏటి గట్టు మీద ఆగిపోయింది. దారినిండా జనం, చేతుల్లో ఫోన్లు. దిగి చూశాను. వలలో చుట్టుకుని ఒక సముద్రపు తాబేలు, పెద్ద బేసినంత ఉంది. దాని మెడ కింద, రెక్కల్లాంటి కాళ్ళ మొదట్లో, కళ్ళ మీద కాలీఫ్లవర్ ముక్కల్లా గులాబీ రంగు కణుతులు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. రెండో కంట్లోంచి జిగురు కారుతోంది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగాను.

మామూలు తాబేలైతే పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేవారే. దీన్ని చూసి దేవుడన్న మాట ఒక్కరి నోటా రాలేదు. వల కొయ్యడానికి ఒక్కడు ముందుకి రాలేదు. అప్పుడు సత్తిరాజుగారు, చేపల చెరువుల ఆసామి, మా బడి కమిటీ చైర్మను, తీరుబడిగా అన్నారు: "హన్నమ్మని పిలవండ్రా. ఆవిడకి ఎలాగూ ఉన్నవే కదా, కొత్తగా అంటుకునేదేముంది."

సిగ్గూ ఎగ్గూ లేకుండా నలుగురు నవ్వారు. అందులో ఇద్దరు ఆవిడ చేతి మంచినీళ్ళు కూడా తాగరు. తాబేలుని పట్టుకోవడానికి మాత్రం ఆ చేతులే కావాలి.

హన్నమ్మ వచ్చింది. బ్లేడుతో వల తాళ్ళు ఒక్కొక్కటే కోసింది. కొంగు ఏట్లో తడిపి ఆ జిగురు కంటిని తుడిచింది. అటవీ శాఖ వాళ్ళు వచ్చేదాకా రెండు గంటలు దాని పక్కనే కూర్చుని, డిప్పకి తడి గోనెసంచి కప్పి నీళ్ళు పోస్తూనే ఉంది. నేను బడికి వెళ్ళబోతుంటే దానితో మెల్లగా మాట్లాడుతోంది. "అందరూ చూస్తున్నారని సిగ్గుపడకే. చూసి చూసి వాళ్ళే పోతారు."

అటవీ శాఖ వ్యాను వచ్చిందంటే నేనూ మళ్ళీ గట్టు మీదికి వెళ్ళాను. వాళ్ళతో నిరంజన్ అనే పశువుల డాక్టరు వచ్చాడు. ఇది వైరస్ వల్ల వచ్చే జబ్బు అన్నాడు. సముద్రపు తాబేళ్ళకే వస్తుంది, మనుషులకి రాదు అన్నాడు. మురికి నీళ్ళు ఎక్కువ చేరే చోట ఎక్కువ కనబడుతుంది అని కూడా అన్నాడు. ఆ ముక్క అన్నప్పుడు సత్తిరాజుగారు ఎటో చూశారు. తాబేలుని వ్యానులో ఎక్కించుకుని తీసుకుపోయారు. ఇంత చెప్తే ఊళ్ళోవాళ్ళ చెవికెక్కింది ఒక్క వైరస్ అన్న మాటే.

మర్నాడు పిల్లలు భోజనాలకి వరసగా కూర్చునే వేళకి బడి వరండాలో పాతికమంది తల్లిదండ్రులు. సత్తిరాజుగారి చేతిలో అర్జీ. హన్నమ్మని వంటలోంచి తీసెయ్యాలి, నేను సంతకం పెట్టాలి. వంటగది గుమ్మంలో హన్నమ్మ నిలబడి ఉంది, గరిటె చేతిలోనే ఉంది. ఆ వంట పోతే ఆవిడకి ఇంకో పని దొరకదు. ఆ ముఖం చూసి ఎవరిస్తారు?

"ఆవిడ ఆ తాబేలుని తాకిందండీ. పిల్లల విషయం కదండీ, తమరే ఆలోచించండి" అన్నారు సత్తిరాజుగారు, వెన్నలాంటి గొంతుతో.

"నిన్న ఆవిడని పిలిపించింది మీరే కదండీ. అప్పుడు కొత్తగా అంటుకునేదేమీ లేదన్నారు. రాత్రికి రాత్రి ఎలా అంటుకుందండీ?"

"అప్పటి సంగతి వేరండీ."

నేను ఊరుకుంటానా? డాక్టరు నిరంజన్‌కి ఫోను కలిపి స్పీకర్‌లో పెట్టాను. ఆయన పాపం మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. మనుషులకి రాదు, ఆవిడ కణుతులకీ దీనికీ సంబంధం లేదు. తాబేలుకి కళ్ళ మీదవి ముందు తీస్తామని, బతుకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనని అన్నాడు. ఫోను పెట్టేసి అందరినీ కడిగి పారేశాను. కోడి పేగులు కుళ్ళబెట్టిన చెరువు నీళ్ళు ఏట్లోకి వదిలేవాళ్ళకి హన్నమ్మ చేతులు మురికిగా కనబడ్డాయా అన్నాను. గురివింద తన కింద నలుపెరగదన్నాను. మహా బాగా మాట్లాడుతున్నానని నాకే అనిపించింది.

సత్తిరాజుగారు అంతా విన్నారు. అర్జీ మడిచారు. "బాగుందండీ. మరి తమరు ఆవిడ వండింది ఎప్పుడైనా తిన్నారా అండీ?"

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను.

పిల్లలకి పెట్టేముందు హెడ్‌మిస్ట్రెస్ రుచి చూడాలి. చూసి రిజిస్టర్లో సంతకం చెయ్యాలి. రోజూ హన్నమ్మ ఒక పళ్ళెంలో అన్నం, కూర పెట్టి, మూత వేసి నా గది గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి వెళ్ళేది. నేను తలుపు వేసుకుని ఆ పళ్ళేన్ని వెనక కిటికీలోంచి బోర్లించేదాన్ని. తర్వాత ఇంటినుంచి తెచ్చుకున్న క్యారియర్ విప్పేదాన్ని. "రుచిగా ఉంది, సువర్ణ" అని ఆరేళ్ళు రాశాను. అంటేది కాదని కాగితం చదివినదాన్నే. ఆ చేతులు గుర్తొస్తే ముద్ద దిగదనిపించేది. ఊరి మీద ఎంత రోత పడ్డానో, ఆ క్షణాన నా మీద నాకు అంతకు పదింతలు పుట్టింది.

చెప్పులు విడిచి, వెళ్ళి పిల్లల వరసలో చివర మఠం వేసుకుని కూర్చున్నాను. "హన్నమ్మా, వడ్డించు" అన్నాను. వాళ్ళంతా చూస్తున్నారు. హన్నమ్మ ఎప్పట్లాగే రెండడుగుల దూరంలో నిలబడి గరిటె చాపింది. అన్నం, తోటకూర పప్పు. కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కడుపు తిప్పింది. అబద్ధం ఎందుకు, తిప్పింది. మింగాను. రెండోది మింగాను. మూడోదానికి అది పప్పన్నమే అని తెలిసింది. పిల్లలు నావంక వింతగా చూసి, తమ కంచాలు ముందుకి జరుపుకున్నారు. వరండాలో జనం ఒకరొకరే మెట్లు దిగారు. నలుగురు తల్లులు మాత్రం పిల్లల్ని చెయ్యి పట్టుకుని లేవదీసుకుపోయారు. సత్తిరాజుగారు అర్జీని జేబులో పెట్టుకుని, "పై ఆఫీసుకి పంపుతామండీ" అని నమస్కారం పెట్టి వెళ్ళారు.

హన్నమ్మ వరసంతా వడ్డించుకుంటూ మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. ఈసారి రెండడుగుల దూరంలో ఆగలేదు. వంగి, నాకు మాత్రమే వినబడేలా అడిగింది.

"ఉప్పు సరిపోయిందాండీ? ఆరేళ్ళ నుంచీ అడుగుదామనుకుంటున్నానండీ. కిటికీ కింద పడింది ఎత్తుకెళ్ళి వేస్తే మా కోళ్ళు తింటాయే గానీ చెప్పవు కదండీ."