రెక్క మీద రాసిన పేరు

మొన్న తల్లాడలో మా ఆడపడుచు కూతురి పెళ్లికి ఫోటోలవాళ్లు డ్రోన్ తెచ్చారు. అది జుయ్యిమని పైకి లేవగానే ఆరుబయట ఉన్న వాళ్లంతా జుట్టు సవరించుకుని, తలలెత్తి చేతులూపారు. మా బావగారు మాత్రం భోజనం ప్లేటు పట్టుకుని గబగబా పందిరి కిందికి వచ్చేశారు. ఎండకేమో అనుకున్నారు అందరూ. కాదని నాకు తెలుసు. నేనూ నా ప్లేటు తీసుకుని ఆయన వెనకే వచ్చేశాను.

మా ఆయనకు అన్న ఈ బావగారు. ఇల్లందు బొగ్గు గనిలో ఫిట్టరుగా చేసేవారు. నేను కొత్త కోడలిగా వెళ్లేనాటికి, అంటే రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులకు, మా ఇల్లు ఊరి చివర ఉండేది. పెరటి గోడ అవతల బీడు, బీడు అవతల టేకు చెట్లు, ఆ పైన అంతా అడవే. బావగారికి చెవులే పనిముట్లు. అన్నం తింటూ తింటూ రోడ్డు మీద పోయే స్కూటరు చప్పుడు విని, దాని జబ్బేమిటో చెప్పేవారు. అది నడిపేవాళ్లకు చెప్పి వచ్చేదాకా ముద్ద దిగేది కాదు. హైదరాబాదులో రిటైరైన ఇంజనీరొకాయన ఇల్లు ఖాళీ చేస్తూ తన రిమోటు విమానాన్ని ఈయనకు ఇచ్చేశాడు. పొడుగాటి ఏరియల్ ఉన్న రిమోటు, నాలుగు అడుగుల రెక్క, పిడికిలంత ఇంజను. దాంతోపాటు రెండు సలహాలు కూడా ఇచ్చాడు. ఇంజను నేల మీద కాస్త పొగ వదులుతున్నట్టే ఉంచాలి, పైకి వెళ్లాక అదే సర్దుకుంటుంది. రెక్క మీద పేరూ అడ్రసూ రాసిపెట్టుకోవాలి, ఎక్కడైనా పడిపోతే దొరికినవాళ్లు తెచ్చిస్తారు.

మొదటిది బావగారు పెడచెవిన పెట్టారు. రెండోది మాత్రం ఎర్ర రంగుతో, గుండ్రటి అక్షరాలతో, ఇంటి నంబరుతో సహా రాసుకున్నారు. ఆదివారం వస్తే బీడులో ఆ ఇంజను ముందు గొంతుక్కూర్చునేవారు. ఇంజను నెత్తిన ఉన్న చిన్న ప్లగ్గును బ్యాటరీతో ఎర్రగా కాల్చి, చెక్క పంకాను వేలితో తిప్పితే అది ఒక్కసారి దగ్గి అందుకునేది. పక్కనున్న సూది స్క్రూను వదులు చేస్తే ఇంధనం ఎక్కువై పొగ, బిగిస్తే తక్కువై సన్నటి కీచుమోత. ఆ ఇంధనంలో ఆముదం కలుస్తుంది. కాలిన ఆముదం వాసన ఆయన చొక్కాకు పట్టి, ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే ఆవిడ, ఆ చొక్కాలను విడిగా ఆరేసేది.

ఆ ఆదివారం ఆయన స్క్రూ బిగిస్తూనే ఉన్నారు. కీచుమోత అడవికి తగిలి తిరిగొస్తోంది. నాకెందుకో భయం వేసింది.

"ఏంది బావా, గిట్ల అరుస్తది? జర తగ్గియ్యరాదు?" అన్నాను.

"పొగ కక్కే ఇంజన్ను ఇడిస్తే నన్ను ఫిట్టరంటరా అమ్మా? ఇను, ఎంత శుద్ధంగ పలుకుతుందో!"

విమానం లేచింది. ముక్కు పైకెత్తి టేకు చెట్లు దాటింది. అక్కడ ఇంధనం చాలక ఆ మోత ఠక్కున ఆగింది. ఆయన రిమోటు మీద ఎంత కుస్తీ పట్టినా, అది చప్పుడు లేకుండా జారుతూ జారుతూ అడవిలోకి దిగిపోయింది.

వెతకడానికి నాలుగడుగులు వేసి బావగారే ఆగిపోయారు. ఏరియల్ పెట్టె పట్టుకుని అడవిలోకి వెళ్లే రోజులా అవి? లోపల వైర్లు, బ్యాటరీ ఉన్న వస్తువది. పోలీసులకు దొరికితే ఒక అనుమానం, నక్సలైట్ అన్నలకు దొరికితే మరో అనుమానం. రెండు అనుమానాలకూ అడ్రసు మాత్రం మా ఇల్లే. ఆ రాత్రి రిమోటును పెరట్లో పాతిపెట్టారు. ఆ తరువాత వీధిలో జీపు చప్పుడు వినిపిస్తే అక్క పిల్లల్ని లోపలికి లాగేది. ఇంజన్ల జబ్బులు చెప్పే మనిషి, బండి ఆగుతుందా సాగుతుందా అని మాత్రమే వినసాగారు.

ఐదో రోజు పొద్దున గేటు చప్పుడైంది. తేనె అమ్మే కోయాయన. నెలకోసారి సంచిలో సీసాలు పెట్టుకుని అడవి నుంచి వచ్చేవాడు. ఆ రోజు సీసాల మధ్య నుంచి విస్తరాకు పొట్లం తీసి విప్పాడు. ఇంజను.

"మీ బొమ్మ మొత్తం ఇరిగింది సారూ. గిదొక్కటే మంచిగుంది. రెక్క పొయ్యిల పెట్టిన. దాని మీద రాతలున్నయ్. రాతలు దొరికితే మనుషులను తీస్కపోతరు."

అప్పుడే ఎదురింటి తలుపు తెరుచుకుంది. బావగారు అటు చూసి ఒక అడుగు వెనక్కి వేశారు.

"మాది కాదు. నాకేం తెల్వదు. తీస్కపో!" అన్నారు.

కోయాయన బావగారి వంక చూశాడు. ఎన్నో ఆదివారాలు బీడు అంచున నిలబడి ఆ విమానాన్ని చూసి మురిసిన మనిషి. పొట్లం మళ్లీ కట్టి సంచిలో పెట్టుకున్నాడు. నేను తలుపు వెనకే ఉన్నాను. నేనూ నోరు విప్పలేదు.

కోయాయన తిరిగి వెళ్లే దారిలో పోలీసు చెక్‌పోస్టు ఉంది. ఆ రోజుల్లో అడవి వైపు వెళ్లే ప్రతి సంచినీ బోర్లించి చూసేవారు. అది బావగారికి మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాక తట్టింది. చెయ్యి కడుక్కోకుండానే బండి తీశారు. చెక్‌పోస్టు కనిపించే మలుపు దాకా వెళ్లారట. "ఆడికి పోయి ఏమని చెప్పాలె?" అన్నారు, తిరిగొచ్చి అరుగు మీద కూలబడుతూ.

మరుసటి నెల తేనె రాలేదు. ఆ పై నెలా రాలేదు. వారపు అంగడిలో అడవి సరుకులు అమ్మేవాళ్ల దగ్గరకు వెళ్లి బావగారు వాకబు చేశారు. వాళ్లు ఎదురడిగారు, ఏ గూడెం, పేరేంది అని. అన్నేళ్లు మాకు తేనె పోసిన మనిషి పేరు మాలో ఒక్కరికీ తెలియదు. పట్టుకున్నారో, వదిలేశారో, భయపడి మా వీధే మానేశాడో తెలియదు. ఎప్పటికీ తెలియదు కూడా. మేం పిరికివాళ్లం, అంతే.

'మాదే' అనడానికి ఒక్క క్షణం చాలు. ఇరవై ఏళ్లు ఇట్టే గడిచిపోయాయి గానీ, ఆ క్షణం మాత్రం మా ఇంట్లో ఇంకా గడవలేదు.