మల్సున్ మాటకి వేసిన అర్థం

పన్నెండేళ్లుగా జూన్ ఆరున, అమర సైనికుల దినం నాడు, దక్షిణ కొరియా జేజు దీవిలోని ఒక ఊరి హాల్లో ఒకటే డాక్యుమెంటరీ వేస్తున్నారు. ముప్పయ్యో నిమిషంలో తెర నిండా బు మల్సున్ ముఖం వస్తుంది. దాని కింద అక్షరాల్లో ఆమె ఏనాడూ అనని మాట వస్తుంది. హాలంతా చప్పట్లు కొడతారు. మల్సున్ కూడా కొడుతుంది. కొట్టకపోతే వీరుడి చెల్లెలికి పొగరంటారు.

ఊపిరి బిగబట్టి సముద్రం అడుక్కి మునిగి నత్తలు, శంఖాలు ఏరుకొచ్చే ఆడవాళ్లలో ఇప్పుడు డెబ్భై అయిదేళ్లున్న మల్సునే పెద్దది. అప్పట్లో సియోల్ నుంచి కెమెరాలతో దిగినవాళ్లకి ఆమె ఇల్లు తెగ నచ్చింది. చెల్లెలు సాహసి, అన్న యుద్ధంలో పోయినవాడు. ఒకే గడపలో రెండు కథలు. వెలుతురు కుదరలేదని ఆమెను చలినీళ్లలో ఏడుసార్లు ముంచారు.

అన్న గ్యున్సిక్ కథ వేరు. 1967లో సైన్యంలో ఉండగా అధికారి పిలిచాడు. ఈత వచ్చినవాడివి, వియత్నాంలో రేవు పని, ఓడల్లో సరుకు దించడమే, ఏడాదిలో ఇంటికొస్తావన్నాడు. నమ్మి సంతకం పెట్టాడు. రేవు చూసింది ఓడ దిగిన రోజొక్కటే. నాలుగో నెలలో అడవిలో మందుపాతర మీద కాలేశాడు. ఇంటికి తెల్లగుడ్డ చుట్టిన అస్థికల పెట్టె వచ్చింది.

కెమెరా ముందు ఇదంతా చెప్పి మల్సున్ చివర్న అంది: "మా అన్న సొగాత్సుదా."

జేజులో ఈ మాటకి రెండర్థాలు. పని ముగించి ఇళ్లకు పోతూ ఒకరితో ఒకరు అనుకునేదీ ఇదే, 'చాలా కష్టపడ్డారు' అని. మోసపోయాడు అనాలన్నా ఇదే. సియోల్‌లో మోసం అర్థమొక్కటే తెలుసు. దర్శకుడు దీవిలో రెండు వారాలుండి ఆ తియ్యటి అర్థం నేర్చుకుని మురిసిపోయాడు. దీవి యాస తెలియనివాళ్ల కోసం తెర కింద సియోల్ భాషలో 'అన్నా, ఎంతో శ్రమించావు, ధన్యుడివి' అని వేశాడు. పోనీ తెలియక చేశాడందామా? మరి రేవు పని అబద్ధం గురించి ఆమె చెప్పిన నాలుగు నిమిషాలూ ఎందుకు కోసేశాడు?

మల్సున్‌కి చదువు రాదు. ఆ అక్షరాల్లో ఏముందో మూడేళ్లకి గానీ మనవరాలు చదివి చెప్పలేదు. సియోల్‌కి ఫోన్ చేయిస్తే, సినిమా ఎన్నో దేశాలు తిరిగింది, ఇప్పుడు మార్చడం కుదరదన్నారు. మాజీ సైనికుల సంఘం పెద్ద ఇంటికొచ్చి, గొడవ చేస్తే అమర సైనికుల స్మారకం మీద అన్న పేరు ఉంటుందో ఊడుతుందో అని నవ్వుతూ చెప్పి టీ తాగి వెళ్లాడు. ఆమె నోరు కుట్టేసుకుంది.

ఈ ఏడు లైబ్రరీ నుంచి యాంగ్ హేవోన్ వచ్చింది. దీవి పిల్ల కాదు, మంచిదే. 'త్యాగం, సాహసం: తప్పక చూడాల్సిన డాక్యుమెంటరీలు' అని జాబితా వేస్తోందట. అందులో మొదటి సినిమా ఇదే, దానికి సిఫారసు మల్సున్ పేరు మీద ఉండాలట. కార్డు ముందే రాసుకొచ్చింది, వేలిముద్ర వేస్తే చాలు.

అప్పుడే నీళ్లలోంచి వచ్చిన ఆడవాళ్లు ఒడ్డు మీద పక్కనే రబ్బరు దుస్తులు విప్పుకుంటున్నారు. వాళ్లలో నోటి దురుసు హ్యోన్ ఉంగ్సుక్ అందుకుంది. "సినిమాతారకి ఇంకో వేషం దొరికిందే. ఈసారైనా మాకు విందు పెడతావా, పోయినసారిలాగే ఎగ్గొడతావా?"

మల్సున్ కార్డు చదవమంది. 'మా అన్న త్యాగం చూసి మీరూ గర్వపడండి' అని చదివింది హేవోన్.

"ఎవరే గర్వపడింది?" అంది మల్సున్.

హేవోన్ తడబడింది. "పెద్దమ్మా, మీరన్న సొగాత్సుదాకి జేజు మాటల నిఘంటువులో కూడా కష్టపడ్డాడనే ఉంది."

"నిఘంటువు మా అన్నని చూసిందా? ఆ మాట అన్నప్పుడు పళ్లు నూరుతున్నాను నేను. పళ్లు నూరుతూ ఎవరైనా దండం పెడతారా తల్లీ?"

ఉంగ్సుక్ నవ్వడం మానేసింది. ఇన్నేళ్లు ఊరుకుని ఇప్పుడు పేరు ఊడగొట్టుకుంటావా అని గొణిగింది.

"ఊడితే ఊడనీ. ఇన్నాళ్లూ వాళ్ల అబద్ధం. దీని మీద వేలు పెడితే నా అబద్ధం. రేపు నేను పోయాక నా మాటంటూ మిగిలేది ఈ కార్డే."

 హేవోన్ కార్డు తిరగేసి కలం తీసింది. మల్సున్ చెప్పింది చెప్పినట్టు రాసింది: 'ఈ సినిమా చూడండి. మేం మునిగేదంతా నిజం. ముప్పయ్యో నిమిషంలో కింద అక్షరాలు వదిలేసి నా ముఖం చూడండి. మా అన్నని మోసం చేసి చంపారు.' మల్సున్ వేలు నొక్కింది.

కార్డు లైబ్రరీ గోడ మీద రెండు రోజులుంది. మూడో రోజు ఎవరో పీకేశారు. హేవోన్ ఇంకోటి రాసి పెట్టింది. ఆమెకి సంజాయిషీ నోటీసు వచ్చింది. అందులో కారణం: 'అమర సైనికుల దినం గౌరవానికి భంగం'. మోసం చేసినవాడికి ఇలాంటి కాగితం ఒక్కటైనా వెళ్లిందా?

చదువుతున్న మీకొక పని. సైనికుల గురించి, ప్రాణాలకు తెగించి బతికేవాళ్ల గురించి తీసిన సినిమా ఎవరికైనా చూడమని చెప్పేముందు, అందులో మాట్లాడినవాళ్ల యాస తెలిసిన మనిషిని వెతికి పక్కన కూర్చోబెట్టుకోండి. తేడా కనబడితే తీసినవాళ్లకి ఉత్తరం రాయండి, వేసిన హాలుకి రాయండి, కింద మీ పేరు పెట్టండి. మల్సున్ లాంటివాళ్లు ఒంటరిగా రాస్తే పీకేస్తారు. వందమంది రాస్తే పీకడానికి చేతులు చాలవు.