ఏది పెట్టొచ్చు, ఏది పెట్టొద్దు

నేను లాంపు రూములో పనిచేసేవాణ్ణి. గనిలోకి దిగే కార్మికులకు తలదీపాలు అందించడం, వాళ్ళు పైకొచ్చాక వాటిని తీసుకొని చార్జింగుకు పెట్టడం నా డ్యూటీ. బడిలో చదివింది ఏడో తరగతి. మిగతాదంతా కాలనీ గ్రంథాలయంలో చదువుకున్నదే. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్తాను. ఫస్టు షిఫ్టు దిగి స్నానం చేసి నేరుగా అక్కడికే పోయేవాణ్ణి. పేపరు కోసం వచ్చినవాళ్ళు లేచిపోయాక బీరువా తాళం తీయించుకొని, ఎవరూ ముట్టని పుస్తకాలు దించుకునేవాణ్ణి. అందులో శరీరశాస్త్రం మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. పక్కన నిఘంటువు పెట్టుకొని వానాకాలమంతా దాన్నే చదివాను. మనిషి రక్తం ఎముకల లోపలి మూలుగలో పుడుతుందని నాకు చెప్పింది ఆ పుస్తకమే. అప్పటిదాకా గుండెలో పుడుతుందనుకునేవాణ్ణి.

అట్లా కాలనీలో నాకు లైబ్రరీ డాక్టరు అని పేరు పడింది. వెక్కిరింపుగా పుట్టిన పేరే. "డాక్టరుసాబ్, నా దీపం దగ్గుతున్నది, జర నాడి చూడు" అని లాంపు రూము కిటికీ దగ్గర వేళాకోళం చేసేవాళ్ళు. కానీ ఇంట్లో ఎవరికన్నా బాగలేకపోతే దవాఖాన చీటీ పట్టుకొని మా క్వార్టరుకే వచ్చేవాళ్ళు.

డెబ్బైల మొదట్లో మా వరుసలో చివరి క్వార్టరులో ఒక ఫిల్లరు ఉండేవాడు. గనిలో పేల్చిన బొగ్గును తట్టలతో టబ్బుల్లో నింపే పని అతనిది. వాళ్ళకు ఒక్కతే బిడ్డ, ఐదారేళ్ళది. నన్ను పెద్దబాపూ అని పిలిచేది. ఆ పిల్ల ఉన్నట్టుండి సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. దెబ్బ తగలకుండానే కాళ్ళ మీద నీలం మచ్చలు లేచాయి. నానమ్మ దిష్టి తీసింది. గని దవాఖాన డాక్టరు రక్తం చూసి హైదరాబాదు పంపించాడు. అక్కడ తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చేసి రక్తక్యాన్సరు అన్నారు.

కొన్ని సూదులు వేయించుకొని తిరిగొచ్చిన మరునాడు మొగుడూ పెళ్ళాం మా ఇంటికి వచ్చారు. అతను గడప దగ్గరే కూలబడ్డాడు.

"అన్నా, గోళీలిచ్చిండ్రు. మళ్ల నెలకు సూదికి రమ్మన్నరు. ఇంటికాడ ఏం పెట్టాల్నో ఏం పెట్టొద్దో సమజైతలేదు. మా అవ్వ గాడిద పాలు పట్టాలంటది. మా తోడల్లుడు గోదారవతల వైద్యుని కాడ వేరు తెస్తనంటడు. మైసమ్మకు మొక్కుమని ఒకలు, తాయత్తు కట్టుమని ఒకలు. నువ్వు సదివినోనివి, నువ్వు జెప్పు."

పుస్తకంలో ఈ జబ్బు గురించి ఉన్నది ఒక్క పేజీ. జబ్బు పిల్లలకు పెట్టాల్సిన తిండి గురించి అందులో ఏమీ లేదు. అందుకని మరుసటి నెల సెలవు పెట్టి వాళ్ళతో పాటు రామగుండంలో రైలెక్కాను. హైదరాబాదు దవాఖానలో డాక్టరమ్మను నేనే అడిగాను. ఆమె విసుక్కోలేదు.

"మొక్కులు మొక్కుకోండి. తాయత్తు కట్టండి. కాళ్ళు నొప్పులంటే కొబ్బరినూనె రాసి మెల్లగా నిమరండి. అవి నా మందులకు అడ్డం రావు. నోట్లోకి పోయేది మాత్రం ఏదైనా ముందు నాకు చెప్పాలి. ఈ మందులు చెడ్డ రక్తంతో పాటు మంచి రక్తాన్ని కూడా చంపుతాయి. అప్పుడు చిన్న పురుగు కూడా పిల్లను తీసుకుపోగలదు. పచ్చిది ఏదీ వద్దు. పసర్లు వద్దు, వేర్లు వద్దు."

ఇంటికి వచ్చాక ఆ మాటలు పిల్ల నానమ్మకు, ఆ ముసలమ్మకు, చెప్పడం నా వంతయింది. మా వైపు పసిపిల్లలకు గాడిద పాలు పట్టడం తెలియని ఇల్లు లేదు. గాడిదను తోలుకొని వీధి వెంట వచ్చేవాళ్ళు వాకిట్లోనే పిండి ఇస్తారు. ఆ వేడి చల్లారకముందే తాగించాలి.

"దీని బాపుకు పోసిన, వాని తమ్మునికి పోసిన. ఒక్కడన్న సచ్చిండా?" అంది ముసలమ్మ.

"వాళ్ళ రక్తంల బలముండె అవ్వా. ఈ బిడ్డకు ఇప్పుడు లేదు."

"గిది నీ పుస్తకంల రాసి ఉన్నదా?"

"ఉన్నది" అని అబద్ధమాడాను.

"గాడిద పాలని రాసి ఉన్నదా?"

"పచ్చి పాలని రాసి ఉన్నది."

"గట్ల జెప్పు. రాసినోనికి గాడిద సంగతి తెల్వదు."

"పోనీ కాగబెట్టి పట్టు."

"కాగినంక అవి గాడిద పాలెట్లయితయిరా? బర్రె పాలయితయి."

అందరం నవ్వాం. మంచం మీద పిల్ల కూడా నవ్వింది. మందులకు బుగ్గలు ఉబ్బి, జుట్టు రాలి, నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి. ముసలమ్మ చివరికి ఒప్పుకుంది. పాలు మానేసి మైసమ్మకు కోడిని మొక్కింది. నేను పిల్లకు గంజి, ఉడికిన గుడ్డు, కాచి చల్లార్చిన నీళ్ళు చెప్పాను. నోరు పూసినప్పుడు ఉప్పునీళ్ళతో పుక్కిలించమన్నాను. తల్లి ఒక్కటి తప్పకుండా చేసేది. కొత్తగా ఎవరేం తెచ్చినా దాన్ని కొంగులో కట్టుకొని ముందు నా దగ్గరికి వచ్చేది. "ఇది పెట్టొచ్చా అన్నా?" నేను వద్దంటే మారు మాట లేకుండా వెనక్కి పోయేది.

ఈ సంగతి తెలిసి బెల్లంపల్లి నుంచి ఒక క్రైస్తవ గుమాస్తా అదే జబ్బు చేసిన తన కొడుకు గురించి అడగడానికి వచ్చాడు. ప్రార్థన చేసిన నూనె నుదుటికి రాయవచ్చు, తాగించవద్దు అని చెప్పి పంపాను. అతను మళ్ళీ రాలేదు. కొడుకు పోయాడని తర్వాత విన్నాను.

ఎండాకాలం ముందు మా పిల్ల తేరుకుంది. మచ్చలు పోయాయి. వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడింది. ఆ నెల నాకు సెలవు దొరకలేదు. మొగుడూ పెళ్ళామే హైదరాబాదు పోయి వచ్చారు. మరునాడు అతను లాంపు రూము కిటికీలోంచి నా చేతిలో బూందీ పొట్లం పెట్టాడు.

"ఫిట్ ఇచ్చిండ్రన్నా. మూలుగల జబ్బు కనబడ్తలేదన్నరు."

అతని వెనక లైనులో ఉన్నవాళ్ళు కూడా భుజం తట్టారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

గనిలో పనిచేయనివాళ్ళకు ఈ ఫిట్ సంగతి చెప్పాలి. కార్మికుడికి జబ్బు చేస్తే గని డాక్టరు సిక్ రాస్తాడు. అప్పుడు డ్యూటీ ఉండదు, మందు ఉంటుంది. నయమయ్యాక ఫిట్ రాస్తాడు. ఆ రోజు నుంచి డ్యూటీ ఉంటుంది, మందు ఉండదు. ఫిట్ అయినవాడు మందు అడిగితే దొంగవేషమంటారు. మందు తాగేవాడు గనిలోకి దిగితే లోపల పని చూసే ఓవర్‌మన్ వెనక్కి పంపిస్తాడు. ఈ రెంటికీ మధ్య మూడో స్థితి మాకు తెలియదు. పిల్ల తండ్రి పదిహేడేళ్ళ వయసు నుంచి ఆ పద్ధతిలోనే బతికినవాడు. జబ్బు కనబడకపోయినా రెండు మూడేళ్ళు గోళీలు మింగాలని డాక్టరమ్మ చెప్పే ఉంటుంది. అతని చెవికి మాత్రం ఫిట్ అన్న మాటే ఎక్కింది. గోళీలు ఆపేశారు. బిడ్డకు మళ్ళీ రక్తం పట్టాలని గోదారవతలి వైద్యుడి వేరు మొదలుపెట్టారు. ఫిట్ అయిన బిడ్డకు ఏది పెట్టొచ్చో నన్ను అడగాల్సిన పని వాళ్ళకు కనిపించలేదు. వైద్యుడి పథ్యం కూడా సరిగ్గా కుదిరింది. ఉప్పు, చింతపండు, ఇంగ్లీషు మందు, మూడూ బంద్.

వానలు పడ్డాక ఒక పొద్దున తల్లి వచ్చింది. "తలకాయ నొస్తున్నదని ఏడుస్తున్నదన్నా. తిన్నదంత కక్కుతున్నది."

"గోళీలు వేస్తున్నరా చెల్లె?"

ఆమె నా వైపు ఆశ్చర్యంగా చూసింది. "ఫిట్ ఇచ్చినంక గోళీలెందుకన్నా?"

ఆ సాయంత్రమే రైలెక్కాం. జబ్బు తలలోకి కూడా పాకిందని తేలింది. వరండాలో తండ్రి వినేటట్టే నేను అడిగాను, గోళీలు ఆపకపోతే వచ్చేది కాదా అని. "ఆపనివాళ్ళకు కూడా చాలామందికి తిరిగి వస్తుంది. ఈ పిల్లకు వచ్చేదో కాదో నేను చెప్పలేను" అంది డాక్టరమ్మ. అతనికి ఊరటగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. రైల్లో వచ్చేటప్పుడు, పోయేటప్పుడు, ఎప్పుడూ అదొక్కటే. "ఫిట్ అనే అన్నరన్నా. నేను విన్న."

మళ్ళీ సూదులు వేశారు. ఈసారి అవి పట్టలేదు. దసరా దాటాక డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి ఇంటికి తీసుకుపొమ్మంది. తల్లి అలవాటు కొద్దీ అడిగింది, ఏమేం పెట్టొద్దమ్మా అని.

"ఇక పథ్యం ఏమీ లేదు. ఏది అడిగితే అది పెట్టండి."

"పచ్చి పాలు?"

"పెట్టండి."

"వైద్యుని వేరు?"

"మీకు తృప్తిగా ఉంటే ఇవ్వండి."

తల్లి సికింద్రాబాదు నుంచి రామగుండం దాకా కిటికీ ఊచ పట్టుకొని కూర్చుంది.

ఇంటికి వచ్చిన రెండో రోజే ముసలమ్మ గాడిదలామెను పిలిపించింది. గాడిద వాకిట్లో నిలబడి ఉండగానే తల్లి మా ఇంటికి వచ్చింది.

"పచ్చియి పట్టొచ్చా అన్నా?"

"డాక్టరమ్మ పట్టుమన్నది గద చెల్లె."

"ఆమె ఇడిసిపెట్టింది. నువ్వు జెప్పు."

ఆమె ముఖం చూశాను. నేను ఏ పుస్తకంలోనూ చదవనిదాన్ని ఆమె అడుగుతోంది. "వద్దు" అన్నాను. ఆమె గబగబా వెనక్కి పోయింది. "అన్న వద్దన్నడు, తోలుకపో" అనడం నాకు వినిపించింది. ఆ తర్వాత రోజూ డ్యూటీకి పోయే ముందు ఆ గుమ్మంలో ఆగేవాణ్ణి. ఆమె ఒక్కొక్కటి అడిగేది. పెరుగు? వద్దు. ద్రాక్షపండ్లు? వద్దు. అడిగి, వద్దనిపించుకొని, గంజి కాచడానికి లోపలికి పోయేది.

ఒక పొద్దున పిల్లే అడిగింది. బయట జామకాయల గంప పోతోంది.

"పెద్దబాపూ, జామకాయ తినొచ్చా?"

తల్లి గుమ్మానికి ఆనుకొని నా నోటి వైపు చూస్తోంది. పిల్ల కూడా చూస్తోంది.

"ఉడకబెట్టి తినొచ్చు" అన్నాను.

తల్లి పరుగున పోయి కాయ కొని, నాలుగు ముక్కలు కోసి ఉడకబెట్టింది. చల్లార్చి ఒక ముక్క నోట్లో పెట్టింది. పిల్ల దాన్ని నాలుక మీద అటూ ఇటూ తిప్పి బయటికి తోసేసింది.

"గిది జామకాయ కాదు" అంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ వారంలోనే పోయింది. గోదావరి ఒడ్డున పూడ్చి వచ్చాక వాకిట్లో ఆడవాళ్ళు తల్లి చుట్టూ కూర్చున్నారు. పడనిది ఏదో పెట్టి ఉంటారని ఎవరో అన్నట్టున్నారు. ఆమె తలెత్తి, అందరికీ వినిపించేటట్టు చెప్పింది.

"అన్న చెప్పింది చెప్పినట్టు చేసినం. ఒక్క పచ్చిది నోట్లె పెట్టలే."

అందరూ నా వైపు తిరిగారు.

"అవును చెల్లె" అన్నాను. "పెట్టలే."