పొట్లకాయ కొస

పొద్దున్నే బోరింగు కాడికి పోయేటప్పుడు కోమలి ఇప్పుడు కొంగు నడుముకు దోపుకుంటుంది. ఇరవై ఏండ్లు ఆ కొంగు కొస పెద్దకూతురు ధరణి పిడికిట్లో ఉండేది. బిందె ఎత్తినా, పేడ తీసినా, పొయ్యి ముందర కూచున్నా ఎడమ భుజం మీద ఒక లాగుడు ఉండేది. ధరణికి వచ్చిన మాటలు మూడే. అమ్మ, బువ్వ, బస్సు. తల చిన్న టెంకాయంత. వడమాలపేట రోడ్డు మీద పుత్తూరు బస్సు హారను కొడితే చాలు, గెంతులేసి నవ్వేది. రెండువేల ఐదులో, మాఘమాసంలో, నాలుగు దినాలు ఫిట్స్ వచ్చి పోయింది. ఇప్పుడు భుజం తేలిగ్గా ఉండాది. కోమలికి ఆ తేలిక ఏం చేసుకోవాలో తెలీక కొంగు దోపుకుంటుంది, అంతే.

కోమలిని మేనమామ తిరుమలయ్యకే ఇచ్చినారు. కాబట్టి అత్త చంద్రకాంతమ్మ ఆమెకు కన్నతల్లి తల్లి కూడా. కోమలి ఆమెను అవ్వా అనే పిలుస్తుంది. ధరణి పుట్టిన దినమే అవ్వ తేల్చేసింది.

"గ్రహణం పట్టినప్పుడు పొట్లకాయ కొస తుంచినావు గదే. చూడు, బిడ్డ తల కొస తెగింది."

తుంచిన మాట నిజం. ఆకలేసి, ఎవురూ చూడలేదనుకుని తుంచింది. అప్పటినుంచి ఆ ఇంట్లో పొట్లకాయ వండలేదు.

ధరణి బతికి ఉండగానే తిరుపతి ఆసుపత్రి డాక్టరమ్మ ముగ్గురి రక్తం తీసి హైదరాబాదుకు పంపింది. తల్లిది, తండ్రిది, బిడ్డది. జవాబు బిడ్డ పోయిన మూడో నెలలో వచ్చింది. తిరుమలయ్యకు రైసుమిల్లులో సెలవు దొరకలేదు. కోమలి ఒకతే పోయింది.

"పాపను తీసుకురాలేదా?"

"లేదు మా. పోయింది."

డాక్టరమ్మ పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. ఒక కాగితం ముందరికి జరిపింది. దాని మీద వరసగా పురుగు, ఈగ, ఎలుక, కోతి, మనిషి బొమ్మలు.

"పాప ఒంట్లో ఒక ప్రోటీన్ సరిగ్గా తయారు కాలేదమ్మా."

"పప్పు పెట్టినాను మా. దినమూ గుడ్డు కూడా పెట్టినాను."

"తినేది కాదు. ఒళ్ళు తనకు తానే చేసుకునేది. దాన్ని ఎలా చెయ్యాలో రాసిపెట్టినదాన్ని జీన్ అంటారు. కడుపులో బిడ్డకు మెదడు కట్టేటప్పుడు ఒక్కో కణం రెండుగా చీలాలి. సరిగ్గా నడిమికి చీలితే ఆ రెండూ మళ్ళీ చీలగలవు. పక్కకు చీలితే పెరుగుదల తొందరగా ఆగిపోతుంది. ఆ చీలికను నిలువుగా పట్టి ఉంచేది ఈ ప్రోటీనే."

"ఎలక్కూ ఉండాదా ఇది?"

"ఉంది. ఈగకూ ఉంది. నువ్వు పూలు కడతావా?"

"తిరుచానూరు అంగళ్ళకు కనకాంబరాలు కట్టి ఇస్తా మా."

"అయితే సులభం. ఇందులో ఒకే రకం ముడి మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఈ పురుగులో రెండే ముళ్ళు. ఈగలో ఇరవై పైన. ఎలుకలో అరవై పైన. మనిషిలో డెబ్బైనాలుగు దాకా. కోతుల నుంచి మనిషి వరకు వచ్చే దారిలో ఇది మిగతావాటి కన్నా వేగంగా మారిందని ఇప్పుడిప్పుడే రాస్తున్నారు. మీ పాపకు మధ్యలో దారం తెగింది. కింది ముళ్ళు పడలేదు."

కోమలి ఆ బొమ్మల వరస మీద వేలు జరుపుకుంటూ పోయింది.

"అయితే నా బిడ్డ ఈట్లో యాడుండాది? మనిషి కాదంటారా?"

"ఛ, అదేం మాట! ఎలుకకు ఎలుకది సరిపోతుంది. మీ పాప మనిషే. ఒక్క చోట తెగింది, అంతే."

"పొట్లకాయ తుంచితే తెగుతుందా మా?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. కోమలి చెప్పింది, గ్రహణం, ఆకలి, అంతా.

"లేదమ్మా. నువ్వు పుట్టకముందే తెగి ఉంది. మీ తాతదో అవ్వదో, వాళ్ళకూ తెలీదు. ప్రతి మనిషికీ రెండు దారాలు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి బాగుంటే చాలు. నువ్వూ మీ ఆయనా ఒకే ఇంటి రక్తం. తెగినవే రెండూ పాపకు వచ్చినాయి."

కోమలికి ఏడుపు రాలేదు. బరువు దిగినట్టూ లేదు. ఇరవై ఏండ్లు మోసిన పొట్లకాయ ఎవురో చేతిలోంచి తీసుకున్నారు, చెయ్యి ఉత్తగా ఉండిపోయింది. లేవబోతూ అడిగింది.

"చిన్నకూతురు పల్లవిని నా తమ్మునికి ఇయ్యాలంటా ఉండారు మా."

"ఇద్దరికీ రక్తపరీక్ష చేయించి, అప్పుడు ఆలోచించండి. తెగిన దారం ఇద్దరిలోనూ ఉండొచ్చు, లేకపోవచ్చు. చూడకుండా మాత్రం చెయ్యొద్దు."

ఇంట్లో చెప్పితే అవ్వ ఒంటికాలి మీద లేచింది.

"రక్తం చూసి జత కట్టేదానికి ఇదేమన్నా ఎద్దుల సంతా? నా మనవనికి తెగిందంటావా? ఈగంట, ఎలకంట! ఇంట్లో చావు జరిగిన ఏడాది లోపల పెండ్లి చెయ్యకపోతే మూడేండ్లు ఆగాల."

తమ్ముడు చక్రధర్ పుత్తూరులో జెరాక్సు అంగడి పెట్టుకున్నాడు. "రక్తం ఇయ్యరా నాయనా" అని కోమలి అడిగితే నవ్వేసినాడు. "సూదంటే భయం కాదక్కా. అవ్వ మాట జవదాటి బతకగలమా?" తిరుమలయ్య అన్నం కలుపుకుంటూ తల ఎత్తలేదు. పల్లవి ఒక్కతే తిరుపతికి పోయి రక్తం ఇచ్చి వచ్చింది. ఎవురికీ చెప్పలేదు, మోచేతి కాడ దూది చూసి కోమలికి తెలిసింది.

తమ్ముడు రక్తం ఇయ్యకనే శుక్రవారం పెండ్లి పసుపు దంచేదానికి పెట్టినారు. వాకిట్లో రోలు కడిగి సున్నం బొట్లు పెట్టినారు. రోట్లో పసుపు కొమ్ములు. గోడకు ఆనించి రోకలి. పెండ్లికూతురి తల్లి రోకలికి మామిడాకులూ పసుపుకొమ్ము కట్టి మొదటి పోటు వేస్తేనే మిగిలిన ముత్తైదువలు చెయ్యి వేస్తారు. అయిదుగురూ వచ్చి చాప మీద కూచున్నారు. అవ్వకు మొగుడు పోయి ఇరవై ఏండ్లు. ఆమె ఆ దారం ముట్టరాదు.

"కట్టు మే కోమలీ. పదిన్నర దాటితే రాహుకాలం."

కోమలి చేతిలో నూలుదారం ఉండాది. రోజుకు రెండు బారలు పూలు కట్టే వేళ్ళు. ఒక్క ముడి.

"చక్ర రక్తం ఇచ్చినాక కడతా."

"పిచ్చిపట్టిందా నీకు? అందురూ చూస్తా ఉండారు!"

"చూడనీ అవ్వా."

పక్కింటి మునెమ్మ మంచినీళ్ళు అడిగింది. పల్లవి లోపలినుంచి చెంబు తెచ్చి ఇచ్చి, అమ్మ పక్కనే నిలబడింది. నిలబడి, ఏమనుకుందో, నడుముకు దోపిన కొంగు తీసి కొస పట్టుకుంది.

అవ్వ రోకలి వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. రోడ్డు మీద పుత్తూరు బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. కోమలి దారం ఉండ చుట్టి రోలు అంచున పెట్టింది. కొమ్ములు రోట్లో అట్లే ఉన్నాయి.